మెల్రోజ్ మఠాధిపతుల వరుసలో రాజబంధుత్వం పాత్ర ఎంత?

ప్రశ్న (చెన్నై):
నమస్కారం. చెన్నైలో మా తెలుగు చరిత్ర బృందంలో ఈసారి స్కాట్లాండులోని మెల్రోజ్ మఠం చర్చకు వచ్చింది. 1136లో డేవిడ్ రాజు స్థాపించిన ఆ మఠానికి తొలి అధిపతి రిచర్డ్. 1148లో ఆయనను తప్పించి రాజుగారి సవతి కొడుకు వాల్తియోఫ్‌ను ఆ స్థానంలో కూర్చోబెట్టారు. మన పీఠాల్లో స్వామివారే ఒక శిష్యుణ్ణి ఉత్తరాధికారిగా ఎంచుకోవడం చూస్తుంటాం. అక్కడ రాజు నియమించేవారా, సన్యాసులే ఎన్నుకునేవారా? తెలిసిన పెద్దలు వివరించగలరు.

సమాధానం 1 (బెంగళూరు):
అది సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాస సంఘానికి చెందిన మఠం కనుక ఎన్నికే నియమం అండీ. అధిపతి స్థానం ఖాళీ అయితే మాతృమఠం (తన సన్యాసులను పంపి దాన్ని నెలకొల్పిన మఠం) అధిపతి పర్యవేక్షణలో ఆ మఠం సన్యాసులు, శాఖామఠాల అధిపతులు కలిసి కొత్తవారిని ఎన్నుకోవాలి. మెల్రోజ్‌కు మాతృమఠం యార్క్‌షైర్‌లోని రీవో. వాల్తియోఫ్ అప్పటికి అక్కడే సన్యాసి, అంతకుముందు కర్కమ్‌లో అగస్టీనియన్ అనే మరో సంఘపు మఠాన్ని నడిపిన అనుభవం ఉన్నవారు. అందువల్ల కేవలం చుట్టరికంతో వచ్చిన పదవి అనడం న్యాయం కాదు. నిజానికి యార్క్ ఆర్చ్‌బిషప్ పదవికి ఆయన పేరు వచ్చినప్పుడు, స్కాట్లాండు రాజుకు దగ్గరివారన్న కారణంతోనే ఇంగ్లండు రాజు స్టీఫెన్ అడ్డుపడ్డారు.

సమాధానం 2 (చెన్నై):
పై వివరణతో ఏకీభవిస్తూనే, 1159లో వాల్తియోఫ్ మరణించిన తర్వాత జరిగినదాన్ని కూడా చూడమని కోరుతున్నాను. తర్వాతి అధిపతి విలియం, స్వస్థత కోసం ఆ సమాధి దగ్గరకు వచ్చే జనాన్ని కట్టడి చేసి, 1170లో పదవి వదులుకున్నారు. మఠం ప్రశాంతత కోసం నిలబడిన ఆయనపై నాకు ఎంతో గౌరవం. ఆయన స్థానంలోకి వచ్చిన జోస్లిన్ హయాంలో, 1171 మే 22న, గ్లాస్గో బిషప్ ఇంగ్రామ్, అందుకోసమే పిలిపించిన నలుగురు మఠాధిపతులు కలిసి సమాధి తెరిచారు. దేహం చెక్కుచెదరలేదనీ, వస్త్రాలు సైతం పాడవలేదనీ మఠంలోని సన్యాసులే తమ వృత్తాంతంలో రాసుకున్నారు. ఒకరు వద్దన్న భక్తిని మరొకరు ఇలా బిషప్ సమక్షంలో ధ్రువపరచుకున్నారు. జోస్లిన్ 1174లో గ్లాస్గో బిషప్‌గా ఎన్నికైనా, 1199లో మెల్రోజ్‌లోనే కన్నుమూశారు.

సమాధానం 3 (బెంగళూరు):
మొదటి ప్రశ్నలోని అనుమానం తర్వాతి శతాబ్దాలకు బాగా వర్తిస్తుంది. పెద్ద మఠాల్లో ఖాళీ ఏర్పడితే ఎనిమిది నెలలు ఆగి, రాజు సిఫారసు విన్న తర్వాతే నియామకం చేస్తామని 1487లో పోప్ ఎనిమిదవ ఇన్నోసెంట్ స్కాట్లాండు రాజు మూడవ జేమ్స్‌కు మాట ఇచ్చారు. ఆ దారిలోనే 1541లో ఐదవ జేమ్స్ వివాహేతర సంతానమైన జేమ్స్ స్టువర్ట్‌కు, ఇంకా బాలుడిగా ఉండగానే, మెల్రోజ్ దక్కింది. సన్యాసం తీసుకోకుండానే మఠం ఆదాయం అనుభవించే ఇటువంటివారిని కమెండేటర్ అనేవారు.