‘పొన్నియిన్ సెల్వన్’ అనే పేరులో మనకు తెలిసిన మాటలెన్ని?

మొన్న ఆదివారం మా ఇంట్లో ‘పొన్నియిన్ సెల్వన్’ మొదటి భాగం మళ్ళీ పెట్టాం. నాన్నగారు అరగంట ఓపిగ్గా చూసి, “ఆ సెల్వన్ అనేవాడు ఎవడ్రా, ఇంతవరకూ రాడేం?” అన్నారు. సెల్వన్ అని విడిగా ఎవరూ లేరు, అరుళ్‌మొళి వర్మనే పొన్నియిన్ సెల్వన్ అన్నాను. “మరి రాజరాజ చోళుడి కథ అన్నావు?” ఆయనే ఈయన అన్నాను. నాన్నగారు రిమోట్ నా చేతిలో పెట్టి లేచి వెళ్ళిపోయారు.

అప్పటినుంచి ఒక సందేహం. మణిరత్నం తమిళ సినిమాలు తెలుగులోకి చాలావరకు పేరు మార్చుకునే వచ్చాయి. ‘నాయకన్’ నాయకుడైంది, ‘ఇరువర్’ ఇద్దరైంది. ‘అలైపాయుదే’ సఖి అయింది, ‘కన్నత్తిల్ ముత్తమిట్టాల్’ అమృత అయింది. 2018లో ‘చెక్క చివంద వానం’ అయితే ఏ సంబంధమూ లేకుండా నవాబ్ అయి కూర్చుంది. మరి 2022లో ఇదొక్కటి అరవంలో ఉన్నది ఉన్నట్టు ఎందుకు దిగింది? బద్ధకమా, సినిమాకి మూలమైన కల్కి నవల మీద భక్తా, లేక నిజంగానే తెలుగులోకి రాని పేరా? దీన్ని తెలుగు చేయమంటే మీరేం చేస్తారు?

చెన్నైలో ఇరవయ్యేళ్ళుగా ఉంటున్న సభ్యురాలు:
పొన్ని అంటే కావేరి. సెల్వన్ అంటే కొడుకే, కానీ వట్టి కొడుకు కాదు. సెల్వం అంటే సంపద. ఇక్కడ పెళ్ళి శుభలేఖల్లో వరుడి పేరు ముందు సెల్వన్ అనీ, వధువు పేరు ముందు సెల్వి అనీ వేస్తారు, మనం చి., చి.ల.సౌ. వేసినట్టు. అమ్మ నోట్లో “నా బంగారు కొండ” అన్నప్పుడు ఉండే తీపి, శుభలేఖలో ఉండే మర్యాద రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. “కావేరి కుమారుడు” అంటే మర్యాద మిగులుతుంది, తీపి పోతుంది.

కథలో కారణం కూడా ఉంది. చిన్నప్పుడు ఆ పిల్లవాడు పడవలోంచి కావేరిలో పడిపోతాడు. ఎవరో ఒకావిడ నీళ్ళలోంచి ఎత్తి ఒడ్డుకు చేరుస్తుంది. నదే కాపాడిందని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. కాబట్టి అది బిరుదు కాదు, ముద్దుపేరు. మీ నాన్నగారు తికమక పడ్డారంటే తప్పు ఆయనది కాదు. ఆ మనిషికి పుట్టుపేరొకటి, ముద్దుపేరొకటి, పట్టాభిషేకం పేరొకటి!

వ్యాకరణం మాస్టారు:
మాటను విప్పి చూడండి, భయం పోతుంది. పొన్ని + ఇన్ + సెల్వన్. మధ్యలో ఆ ‘య’ ఎక్కడిదంటారా? మా + అమ్మ మాయమ్మ అయినప్పుడు వచ్చేదే. మన బళ్ళో యడాగమం అని చెప్పి మార్కులు కోసిన ఆ యకారమే. ‘ఇన్’ షష్ఠి. “రాముని బాణం”లో ‘ని’ చేసే పని అక్కడ ‘ఇన్’ చేస్తుంది.

ఇక పొన్నిలో ఉన్న పొన్. తమిళంలో బంగారం. అయితే పాతకాలంలో లోహం దేన్నయినా పొన్ అనేవారు. పంచలోహాలను వాళ్ళు ఐంపొన్ అంటారు. కన్నడంలో ఇదే హొన్ను. మనకు లేదా అంటే ఉంది, బంగారంలా కాకుండా ఇనుములా మిగిలింది. రోకలి చివర బిగించే ఇనుప కట్టును ఏమంటారు? పొన్ను. చేతికర్ర అడుగున అరిగిపోకుండా తొడిగేది? అదీ పొన్నే. పొన్నుకర్ర పట్టుకున్న తాతలను చూసినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు. చోళులకు నది అయిన మాట మనింట్లో రోకటి కింద ఉంది.

సెల్వన్ ఇంకా దగ్గర. తమిళ లిపిలో అది ‘చ’ అక్షరమే, మాట మొదట ‘స’లా పలుకుతారు. శ్రీలంక తమిళ నాయకుడి పేరు చెల్వనాయకం అనే కదా మనం పేపర్లలో చదివింది. ఆ శుభలేఖల్లో కూడా ‘తిరువళర్‌చ్చెల్వన్’ అని కలిపి రాసినప్పుడు చకారం బయటపడుతుంది. ఇప్పుడు చెల్వన్ పక్కన మన చెలువుడిని నిలబెట్టండి. చెల్వం, చెలువం. అటువైపు సిరి, ఇటువైపు అందం. ఒకే కుదురు.

అడిగినవాణ్ణి నేను:
మాస్టారూ, అయితే ‘పొన్నిచెలువుడు’ అంటే సరిపోయేదన్నమాట! అక్షరానికి అక్షరం.

వ్యాకరణం మాస్టారు:
ఆగు నాయనా. ప్రబంధాల్లో చెలువుడు అంటే నాయిక గారి ప్రియుడు. నువ్వు పోస్టర్ మీద పొన్నిచెలువుడు అని వేస్తే పొన్ని అనే అమ్మాయి, ఆవిడ ప్రేమికుడు అనుకుని కాలేజీ కుర్రాళ్ళు వస్తారు. చుట్టరికం ఉన్నంత మాత్రాన మాట అచ్చు దింపలేం.

కొత్తగా చేరిన సభ్యుడు:
మా పక్కనే పొన్నూరు ఉందండి. అదీ బంగారు ఊరేనా?

వ్యాకరణం మాస్టారు:
స్వర్ణపురి అని చెప్పుకోవడం ఉంది. కానీ పొన్నచెట్టు కూడా ఉందని మర్చిపోకండి, తమిళంలో పున్నై అంటారు. చెవికి ఒకలా వినబడ్డవన్నీ ఒక తల్లి పిల్లలు కావు.

డబ్బింగ్ మాటలు రాసే మిత్రుడు:
నేను ఈ సినిమాకి పనిచేయలేదు. తెలుగు మాటలు తనికెళ్ళ భరణి గారివి, పాటలు అనంత శ్రీరామ్‌వి. బయటినుంచి చూసిన తోటి పనివాడిగా చెబుతున్నా. మాకు మొదటి శత్రువు పెదాలు. ప, బ, మ వచ్చిన చోట తెర మీద నటుడి పెదవులు కలుస్తాయి. అక్కడ మన మాటలో కూడా పెదవులు కలిసే అక్షరం పడాలి, లేకపోతే ప్రేక్షకుడికి ఎక్కడో తేడా కొడుతుంది, ఎందుకో చెప్పలేడు. “పొన్నియిన్ సెల్వన్” అనే మాట పాత్రలు నోటితో అంటాయి. మొదట్లోనే పెదాలు కలిశాయి. అక్కడ “కావేరి తనయుడు” పెట్టండి చూద్దాం. మూసిన నోట్లోంచి ‘కా’ వస్తుంది!

దీనికి అందమైన ఉదాహరణ ఆ సినిమాలోనే ఉంది. కథలో వీరుడు వందియత్తేవన్ గుర్రం మీద వస్తుంటే వచ్చే పాట తమిళంలో ‘పొన్ని నది’ అని మొదలవుతుంది. తెలుగులో అది ‘పొంగే నది’ అయింది. పొన్ని, పొంగే. పెదాలు కలిశాయి, ‘ఒ’ నిలిచింది, ముక్కు నాదం నిలిచింది. పేరు పోయింది కానీ నది పొంగింది. తెలుగువాడికి ఆ క్షణంలో పొన్ని ఎవరో తెలియనక్కర్లేదు, పొంగడం తెలుసు. ఇది చేసినవాడికి నేను దణ్ణం పెడతాను.

చెన్నై సభ్యురాలు:
దణ్ణం నేనూ పెడతాను గానీ, అసలు నష్టం అక్కడే జరిగిందండీ. పాటలో పొన్ని పోతే పేరులో పొన్ని ఎవరో తెలుగు ప్రేక్షకుడికి ఎవరు చెప్పాలి? తలుపు మీద పేరు ఉంచి తాళంచెవి దాచేసినట్టు.

నేను:
ఇది నాకు తట్టలేదు. పేరు మార్చకపోవడం తప్పు కాదు, ఉంచిన పేరుకు లోపల ఆసరా లేకపోవడం తప్పు. నిన్న నవల మొదటి భాగాన్ని తమిళ మిత్రుడి సాయంతో తిరగేశాను. (నాకు తమిళం కూడబలుక్కుని చదవడమే వచ్చు.) కల్కి కృష్ణమూర్తి దీన్ని 1950 అక్టోబరు నుంచి 1954 దాకా తన ‘కల్కి’ వారపత్రికలో రాశారు. అయిదు భాగాలు, రెండు వేల పేజీల పైమాట. మొదటి భాగం పేరు ‘పుదు వెళ్ళం’. వెళ్ళం అంటే మన వెల్లువ. పుదు అంటే కొత్త. అంటే మనం ఆషాఢంలో అనే “కొత్తనీరు”. కొత్తనీరు వచ్చి పాతనీటిని తోసేసిందంటామే, రాజ్యం చేతులు మారే కథకి ఇంతకంటే పేరేం కావాలి!

నవల కూడా నీటి ఒడ్డునే మొదలవుతుంది. ఆడి నెల పద్దెనిమిదో రోజు, కావేరి సీమలో కొత్తనీటికి జనం పండగ చేసుకునే రోజు. వీరనారాయణ చెరువు గట్టు మీద వందియత్తేవన్ గుర్రమెక్కి వెళ్తూ 74 తూముల్లోంచి నీళ్ళు దూకుతుంటే చూస్తాడు. జనం చిత్రాన్నాలు కట్టుకొచ్చి గట్టు మీద కూర్చుంటారు. సినిమా మాత్రం అరుళ్‌మొళి అన్న ఆదిత్య కరికాలుడి యుద్ధంతో మొదలవుతుంది. నాకు అర్థమవుతుంది, రెండు వేల పేజీలను రెండు సినిమాల్లో కుక్కాలంటే చెరువు గట్టు మీద కూర్చుని పులిహోర తింటే కుదరదు. 2022 సెప్టెంబరు 30న ఒకటి, 2023 ఏప్రిల్ 28న ఒకటి, అంతే చోటు. కానీ ఆ గట్టు ఉంటే పొన్ని అంటే ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలిసేది. యుద్ధం ఏ రాజుకైనా ఉంటుంది. నది మీద పేరున్న రాజు కథ నీళ్ళతో మొదలవ్వాలని నా గట్టి అభిప్రాయం. సినిమా బాగా తెలిసినవాళ్ళు తిట్టండి, పడతాను.

వ్యాకరణం మాస్టారు:
తిట్టను గానీ ఒక హెచ్చరిక. ఆ చెరువును తమిళంలో ‘ఏరి’ అంటారు. చూసి ఏరు అనుకునేరు. వాళ్ళ ఏరి చెరువు, మన ఏరుకు వాళ్ళ దగ్గర సాటి ‘ఆఱు’.

ఇంకో మాట. పాత్రల పేర్లు నోరు తిరగవని అంటుంటారు. సగం కష్టం ఒక్క అక్షరానిది. ‘తమిఴ్’ అనే మాట చివర ఉన్న ‘ఴ’. నాలుక మడిచి పలికే ఈ అక్షరం మన తొలి శాసనాల్లో ఉండేది. తరవాత మనం వదిలేశాం, చాలాచోట్ల ‘డ’ చేసుకున్నాం. వాళ్ళ కోఴి మన కోడి, వాళ్ళ ఏఴు మన ఏడు. అలాగే వాళ్ళ చోఴ మన చోడ. రేనాటి చోడులు, వెలనాటి చోడులు, నెల్లూరు చోడులు అంటాం కదా, అదే మాట. సినిమా పాట “చోళా చోళా” అంటుంటే మనకు పరాయి రాజులనిపిస్తుంది. చోడ అంటే మన ఊరి రాజులు. కుందవైని ‘ఇళైయ పిరాట్టి’ అంటారు. ఆ ‘ఇళ’ మన ఎలప్రాయంలో, ఎలమావిలో ఉన్న ‘ఎల’. చిన్న దొరసాని అన్నమాట.

రాజమండ్రి సభ్యుడు:
కుందవై పేరు వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నా. సినిమాలో త్రిష వేసిన కుందవై రాజరాజు అక్క. ఆ రాజరాజు తన కూతురికీ అక్క పేరే పెట్టుకున్నాడు. ఆ కూతురు కుందవై మా ఊరి కోడలు! వేంగి చాళుక్య విమలాదిత్యుణ్ణి చేసుకుంది. వాళ్ళ కొడుకు రాజరాజ నరేంద్రుడు. పేరు చూశారా, తాతగారిది. నన్నయ గారి చేత భారతం మొదలుపెట్టించింది ఆ మనవడే. అంటే మీ పొన్నియిన్ సెల్వన్, తెలుగు భారతాన్ని రాయించిన రాజుకి అమ్మ తరఫు తాత. అక్కడితో ఆగలేదు, ఈ నరేంద్రుడి కొడుకు 1070లో వెళ్ళి చోళ సింహాసనమే ఎక్కాడు, కులోత్తుంగుడై. మనం డబ్బింగ్ సినిమా చూస్తున్నామా, చుట్టాల ఆల్బమ్ చూస్తున్నామా?

నేను:
ఈ ముక్క నాన్నగారికి చెప్పాను. “మరి అది ముందు చెప్పొద్దూ” అని రెండో భాగం పెట్టించుకున్నారు.

సరే, మొదటి ప్రశ్నకి వద్దాం. రాత్రంతా ఆలోచిస్తే ఒకటి తట్టింది. హనుమంతుణ్ణి గాడ్పుపట్టి అన్నారు మన కవులు. పట్టి అంటే బిడ్డ, అచ్చతెలుగు, ముద్దు కూడా ఉంది. ‘పొన్నిపట్టి’ ఎలా ఉంది? మాస్టారూ, డబ్బింగ్ అన్నయ్యా, ఇద్దరూ చెప్పండి.

వ్యాకరణం మాస్టారు:
పాస్ చేశాను. చెలువుడికంటే వంద రెట్లు మేలు.

డబ్బింగ్ మిత్రుడు:
అద్దం ముందు నిలబడి పదిసార్లు అని చూశాను తమ్ముడూ. మొదటి ‘పొ’ కుదిరింది. ‘సెల్’ దగ్గర వాళ్ళ నోరు తెరిచి ఉంటుంది, నీ ‘ప’కి మూసుకోవాలి. దొరికిపోతాం.

నేను:
పోస్టర్‌కి పెదాలుండవు కదన్నయ్యా. అక్కడైనా పెట్టొచ్చుగా?

డబ్బింగ్ మిత్రుడు:
పెట్టొచ్చు. లోపలికెళ్ళాక మీ నాన్నగారు “ఆ పట్టి ఎవడ్రా, ఇంతవరకూ రాడేం?” అంటారు.