1969లో ఆంధ్రా బ్యాంకును "కాంగ్రెస్ వాళ్లది" అనే వదిలేశారా?

గ్రూప్‌టూ గుంటూరోడు:
అందరికీ నమస్కారం. గ్రూప్ 2కి చదువుతున్నా. ఎకానమీ క్లాసులో మా సార్ అన్న ఒక మాట మింగుడు పడటం లేదు. 1969లో ఇందిరాగాంధీ 14 బ్యాంకుల్ని జాతీయం చేసినప్పుడు ఆంధ్రా బ్యాంకు జోలికి పోలేదట. ఎందుకంటే అది భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన బ్యాంకు, ఆయన కాంగ్రెస్ అధ్యక్షుడిగా చేసిన మనిషి, కాబట్టి సొంతింటి బ్యాంకని వదిలేశారట. మరి అదే ఇందిరమ్మ 1980లో ఎందుకు తీసుకున్నట్టు? అడిగితే "అది సిలబస్‌లో లేదు" అన్నారు. మా నాన్న ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కే దాచుకున్నాడు, అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయిందంటే ఒప్పుకోడు. బ్యాంకుల్లో పనిచేసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.

చిల్లర శ్రీను:
సార్ చెప్పిందే రాసెయ్ బ్రో. ఈ దేశంలో ఏ బ్యాంకు వెనక ఏ పార్టీ లేదు చెప్పు?

బందరు పెన్షనర్:
మీ సార్ కథ బాగుంది గానీ లెక్క కుదరదు నాయనా. 1969లో చూసింది డిపాజిట్లు. 50 కోట్లు దాటినవాటినే తీసుకున్నారు, ఆంధ్రా బ్యాంకు అప్పటికి అంత పెద్దది కాదు. 1980 ఏప్రిల్ 15న రెండో విడతకి హద్దు 200 కోట్లు పెట్టారు. ఈసారి మనది అందులో పడింది. విజయా, కార్పొరేషన్ లాంటివి మరో అయిదు దాంతోపాటే వెళ్లాయి.

కాంగ్రెస్ వాళ్లదని వదిలేసేట్టయితే ముందు సెంట్రల్ బ్యాంకును వదలొద్దూ? దాని మొదటి చైర్మన్ ఫిరోజ్‌షా మెహతా, 1890లో కాంగ్రెస్ అధ్యక్షుడు. పంజాబ్ నేషనల్ బ్యాంకు లాహోర్‌లో తెరిచినప్పుడు మొదటి ఖాతా లాలా లజపతిరాయ్‌ది, ఆయనా 1920లో అధ్యక్షుడే. మీ నాన్నగారు ఒప్పుకోని యూనియన్ బ్యాంకుకైతే బొంబాయి ఆఫీసు ప్రారంభించింది సాక్షాత్తూ గాంధీగారు, 1921లో. ఈ మూడూ 1969 జాబితాలో ఉన్నాయి. మీ సార్‌ని ఈ మూడు పేర్లూ అడిగి చూడు, ఏమంటారో.

ఇక పట్టాభిగారి సంగతి. మా నాన్నకి బందరులో బియ్యం కొట్టు ఉండేది. ఆయన ఏనాడూ ఆంధ్రా బ్యాంకు అనలేదు, "డాక్టరుగారి బ్యాంకు" అనేవాడు. పట్టాభి మద్రాసులో వైద్యం చదివి బందరులో ప్రాక్టీసు పెట్టిన మనిషి. 1906లో మద్రాసులో ఆర్బత్‌నాట్ అనే తెల్లదొరల కంపెనీ దివాలా తీసి, డిపాజిట్లు పెట్టినవాళ్లందరినీ ముంచింది. మన డబ్బు మన బ్యాంకులో ఉండాలన్న మాట దక్షిణాదిన గట్టిగా వినపడింది అప్పటినుంచే. మరుసటి ఏడే ఇండియన్ బ్యాంకు వచ్చింది. పట్టాభి ఒక్క బ్యాంకుతో ఆగలేదు. కృష్ణా జిల్లా సహకార బ్యాంకు, ఆంధ్రా ఇన్సూరెన్సు, భారతలక్ష్మీ బ్యాంకు, అన్నిట్లోనూ ఆయన చెయ్యి ఉంది. ఆంధ్రా బ్యాంకు చెల్లించిన మూలధనం ఎంతో తెలుసా? లక్ష రూపాయలు. 1923 నవంబరు చివర్లో బందరులో తలుపులు తీశారు, నెల తిరిగేసరికి డిసెంబర్లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. ఆ రోజుల్లో మన జిల్లాల్లో ఊపు అలా ఉండేది.

అసలు సంగతి ఇదీ. 1923లో కాంగ్రెస్ మనిషి అంటే అధికారం ఉన్నవాడు కాదు, జైలుకి పోయేవాడు. ఆయన పేరుతో డిపాజిట్లు వచ్చి ఉంటాయి, కాదనను. అంతకు మించి ఆయన చేతిలో ఏముంది? బ్యాంకుకి కట్టబెట్టడానికి ఆయన దగ్గర సర్కారు ఖజానా లేదు. 1942లో పట్టుకెళ్లి నెహ్రూ, పటేల్‌తో పాటు అహ్మద్‌నగర్ కోటలో పెడితే దాదాపు మూడేళ్లు అక్కడే ఉన్నాడు, ఇక్కడ బ్యాంకు పని బ్యాంకు చేసుకుంటూనే ఉంది. నాయకుడు పెట్టిన బ్యాంకు వేరు, నాయకుల చేతిలో బ్యాంకు వేరు. రెండోది జాతీయం అయ్యాకే మొదలైంది, ఏ ఒక్క బ్యాంకులోనో కాదు.

నేను పనిచేసింది వేరే బ్యాంకులో, పేరు అనవసరం. 80ల్లో దేశమంతా లోన్ మేళాలు. ఒక ఊళ్లో షామియానా, మైకు, దండలు. మా ఫీల్డాఫీసరు ఇంకా ఊళ్లోకి రాకముందే లబ్ధిదారుల జాబితా స్థానిక నాయకుడి జేబులో తయారు. గేదె లోన్లు ఇచ్చాం. తర్వాత తనిఖీకి వెళ్తే ఒకే గేదెని మూడు ఇళ్లలో చూపించారు. మూడో ఇంటికొచ్చేసరికి అది మమ్మల్ని గుర్తుపట్టి ఉంటుంది! 1990లో వీపీ సింగ్ ప్రభుత్వం 10 వేల దాకా మాఫీ చేసింది. ప్రతి వాయిదా టైముకి కట్టిన ఒకాయన కౌంటరు దగ్గరకొచ్చి "నేనేం తప్పు చేశానండీ?" అని అడిగాడు. నిజంగా ఎండిపోయిన రైతులకి ఆ మాఫీ ప్రాణం పోసింది, అదీ కళ్లారా చూశాను. కానీ ఆ పెద్దమనిషికి మాత్రం ఏం చెప్పాలో తోచలేదు.

గన్‌ఫౌండ్రీ భాయ్:
మీరంతా కాంగ్రెస్, కాంగ్రెస్ అంటున్నరు గానీ మాదైతే సీదా నిజాం సర్కారు బ్యాంకే. హైదరాబాద్ స్టేట్ బ్యాంకు, 1941. మా తాత జీతం ఉస్మానియా సిక్కాలో, అంటే నిజాం సొంత కరెన్సీల, తీసుకున్నడు, ఆ సిక్కాల వ్యవహారం చూసింది ఈ బ్యాంకే. తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది, 2017ల ఎస్‌బీఐల కలిపేసిన్రు. మీ బోర్డు 2020 దాకన్న ఉండె, మాది మూడేండ్ల ముందే పాయె.

గ్రూప్‌టూ గుంటూరోడు:
బందరు బాబాయ్ గారూ, దండం. ఇంకో డౌటు. 1969 ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టింది వీవీ గిరి గారేనా? అప్పటికి ఆయన రాష్ట్రపతి కాదు కదా? అలాగే ఆంధ్రా బ్యాంకు స్థాపన తేదీ ఒక పుస్తకంలో నవంబర్ 20, ఇంకోదాంట్లో 28 ఉంది.

బందరు పెన్షనర్:
గిరిగారే. జాకీర్ హుస్సేన్ పోయాక ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి తాత్కాలిక రాష్ట్రపతి. జులై 19న సంతకం పెట్టి, మర్నాడే రాజీనామా చేసి ఎన్నికకి నిలబడ్డాడు. ఎదురుగా కాంగ్రెస్ అధికార అభ్యర్థి మన నీలం సంజీవరెడ్డి. ఇందిరమ్మ "ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయండి" అన్న పుణ్యమా అని సంజీవరెడ్డి ఓడిపోయాడు. 1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు బ్యాంకుల జాతీయీకరణ చట్టాన్ని కొట్టేస్తే నాలుగు రోజుల్లో మళ్లీ ఆర్డినెన్స్, ఈసారి గిరి అసలు రాష్ట్రపతి.

ఇక్కడ నాకు ఎప్పుడూ నవ్వొచ్చే ముక్క ఒకటుంది. 1980లో ఆంధ్రా బ్యాంకును తీసుకున్న ఆర్డినెన్స్ నాటికి రాష్ట్రపతి ఎవరనుకున్నావు? సంజీవరెడ్డే. ప్రధాని మళ్లీ ఇందిర. తనను ఓడించిన మనిషి ప్రభుత్వం పంపిన కాగితం మీద, ఒక తెలుగువాడు పెట్టిన బ్యాంకుని సర్కారుకి అప్పగిస్తూ అనంతపురం జిల్లా మనిషి సంతకం. అప్పుడు ఆయన మనసులో ఏముందో గానీ, మా నాన్న మాత్రం ఆ పేపరు మడిచి పక్కన పెట్టి "డాక్టరుగారు ఉంటే ఏమనేవారో" అన్నాడు. ఏమీ అనేవారు కాదని నా లెక్క. గాంధీగారు నిలబెడితే కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్ మీద పోటీ చేసి సుమారు 200 ఓట్లతో ఓడిపోయి, "అది పట్టాభి ఓటమి కంటే నా ఓటమే" అని గాంధీ అంటే విని ఊరుకున్న మనిషి ఆయన.

తేదీలకొస్తే, 20న రిజిస్ట్రేషన్, 28న వ్యాపారం మొదలు. రెండూ ఒప్పే. ఆప్షన్లలో రెండూ పెట్టేంత దుర్మార్గులు కారులే, సంవత్సరమే అడుగుతారు. విలీనం మాత్రం 2020 ఏప్రిల్ 1, అది గుర్తుంచుకో. నాన్నగారి పాత చెక్కు బుక్కు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఇంకా మార్చకపోతే ముందు బ్రాంచికి వెళ్లి ఆ పని చూడు.