సమస్యాపూరణం: నీటి వ్రాతయె చెఱలోన నిప్పు రేపె

నిర్వాహకులు:
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య, అంటే మీరు పూరించాల్సిన పద్యానికి చివరి పాదం, తేటగీతిలో ఉంది.

*నీటి వ్రాతయె చెఱలోన నిప్పు రేపె*

విషయం కూడా ఇస్తున్నాం: చైనాలో చింగ్ వంశపు యువరాజు యిన్‌రెంగ్. చక్రవర్తి కాంగ్షీకి రెండో కొడుకుగా లెక్క. పుట్టింది 1674లో, తల్లి పట్టపురాణి ఆ కాన్పులోనే పోయింది. 1676 మొదట్లో, ఏడాదిన్నర దాటిన పసివాడిగా ఉండగానే, యువరాజుగా ప్రకటించారు. 1708లో తొలగించారు, 1709లో మళ్లీ నిలబెట్టారు, 1712లో మళ్లీ తొలగించి బీజింగ్ రాజప్రాసాదంలోనే ష్యెనాన్ భవనంలో బంధించారు. 1725 మొదట్లో అక్కడే చనిపోయాడు.

సమస్యకు మూలం 1715 నాటి సంగతి. బందీగా ఉన్న యిన్‌రెంగ్ భార్యకు జబ్బు చేసి, చూడడానికి ఒక వైద్యుడు వచ్చాడు. ఆ వైద్యుడి చేతికి, పటిక నీళ్లతో రాసిన ఉత్తరం ఇచ్చి, రాజవంశీయుడైన పుచీకి పంపాడు యిన్‌రెంగ్. ఆ ఏడే జుంగార్ల (పశ్చిమ మంగోలుల) ప్రభువు త్సెవాంగ్ రబ్దాన్ హామీ అనే పట్టణం మీద దాడి చేశాడు. ఆ యుద్ధానికి తనను మహాసేనానిగా పంపమని సిఫారసు చేయించుకోవాలని ఉత్తరంలోని కోరిక. అబులాన్ అనే మరో వంశీయుడు సంగతి బయటపెట్టాడు.

పటిక నీళ్లతో రాసింది ఆరితే కనపడదు. కాగితాన్ని తడిపితే, పటిక పట్టిన గీతలు మిగతా కాగితంలా నీళ్లు పీల్చవు కాబట్టి అక్షరాలు తేలతాయి.

గణాలు మరొక్కసారి: పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు) నాలుగో గణం మొదటి అక్షరం. ప్రాస నియమం లేదు.

తుంగభద్ర:

పటికఁ గరిగించి కుంచెతో వ్రాసె లేఖ
మందుఁ దెచ్చిన వెజ్జుతో మంతనముగ
పదవి వోయిన యువరాజు, బయలుపడఁగ
నీటి వ్రాతయె చెఱలోన నిప్పు రేపె.

నిర్వాహకులు:
తుంగభద్ర గారూ, తొలి పూరణకే గట్టి పునాది వేశారు. నీరు, వ్రాత, చెఱ, నిప్పు: నాలుగింటికీ లెక్క సరిపోయింది. మొదటి పాదంలో ప–వ్రా యతి చెల్లుతుంది. సంయుక్తాక్షరంలో వకారాన్ని తీసుకోవచ్చు, పవర్గానికీ వకారానికీ మైత్రి ఉంది. "మందుఁ దెచ్చిన" అన్నారే గాని ఎవరికని చెప్పకపోవడం తెలివైన పని. మందు భార్యకు కదా!

మెట్టపొలం:
ఒక సందేహం. నిప్పు అంటే ఇక్కడ ఏమిటి? శిక్షా, కోపమా?

తుంగభద్ర:
శిక్షే అనుకున్నానండి. వైద్యుడూ పుచీ ఇద్దరూ దండనకు గురయ్యారు. యిన్‌రెంగ్‌కు విడుదల ఆశ కూడా దాదాపు అక్కడితో పోయింది. అతణ్ని మళ్లీ యువరాజును చెయ్యమని 1718లో అర్జీ పెట్టిన జూ తియెన్‌బావ్ అనే ఉద్యోగికి మరణశిక్ష పడింది.

మెట్టపొలం:

కన్నతల్లిని కాన్పునఁ కోలుపోయె
చిట్టి పాదాల నడకకే చిక్కెఁ బదవి
తాత సోంగోతు చెఱలోనఁ దనువు విడిచె
నీటి వ్రాతయె చెఱలోన నిప్పు రేపె.

వెన్నెలవాగు:
మెట్టపొలం గారూ, రెండో పాదం ముచ్చటగా ఉంది. మొదటి పాదంలో యతి తప్పింది. క–కో: హల్లు కుదిరింది, అచ్చు కుదరలేదు. అకారానికి అ, ఆ, ఐ, ఔలే మైత్రి. ఓకారం ఉ, ఊ, ఒ, ఓ గుంపులోది. హల్లు ఒకటే కదా అని చాలామంది ఇక్కడే జారిపోతారు. "కాన్పునఁ" తర్వాత కకారం ఉంచడం కూడా కుదరదు. ద్రుతం (చివరి నకారం) మీద సరళం (ఇక్కడ గకారం) రావాలి.

నిర్వాహకులు:
వెన్నెలవాగు అమ్మా, చక్కగా పట్టారు. యతి ఒక్కటే అయితే చిటికెలో సరిదిద్దుకోవచ్చు. అసలు చిక్కు అన్వయంలో ఉంది. తల్లి చావు, పసితనపు పదవి, సోంగోతు మరణం: మూడు పాదాలూ మూడు వార్తలు. నాలుగో పాదం వాటికి తగిలించినట్టుంది. నీటి వ్రాత ఎక్కడిది, ఎవరిది అన్నది పూరణలో లేకపోతే అది జీవిత చరిత్ర అవుతుంది గాని పూరణ కాదు. "చెఱలోన" రెండుసార్లు రావడం అదనపు బరువు.

సోంగోతును "తాత" అనడం సరైనదే. తల్లికి పినతండ్రి, యువరాజు పక్షానికి పెద్ద దిక్కు. 1703లో ఖైదులోనే పోయాడు. 1708లో కొడుకు మీద తండ్రి మోపిన అభియోగాల్లో సోంగోతు పేరూ ఉంది: ఆయన చావుకు పగ తీర్చుకోవాలని చూస్తున్నాడని. అందువల్ల సోంగోతు ముఖ్యుడే. కానీ ఉత్తరం నాటికి ఆయన పోయి పన్నెండేళ్లు. నాలుగు పాదాల్లో ఆయనకు చోటు పెడితే ఉత్తరానికి చోటు ఉండదు.

మెట్టపొలం:
సవరించి పెడుతున్నాను.

కన్నతల్లినిఁ బురిటింటఁ గాల మొడిసె
చిట్టి పాదాల నడకకే చిక్కెఁ బదవి
పోయె నది రెండు మారులు, పోరుఁ గోరు
నీటి వ్రాతయె చెఱలోన నిప్పు రేపె.

నిర్వాహకులు:
భేష్! "పోరుఁ గోరు" అన్న రెండు మాటలతో పద్యం నిలబడింది. యుద్ధం, సేనాపత్యం, ఉత్తరం అన్నీ అందులోనే ఉన్నాయి. సమస్య పాదానికి విశేషణం మూడో పాదం చివర పెట్టడం మంచి కిటుకు, కొత్తవాళ్లు గమనించండి. అభినందనలు.

కొండవాలు:
పటిక జోలికి పోకుండా వేరే దారి పట్టాను.

పట్టమను మాట జలముపై వ్రాసినట్లె
చెరిపి మఱి వ్రాసి తండ్రియే చెరిపినాఁడు
అన్నదమ్ముల యెదలలో నాశ లెగయ
నీటి వ్రాతయె చెఱలోన నిప్పు రేపె.

తుంగభద్ర:
రెండో పాదం అదిరింది కొండవాలు గారూ. 1708, 1709, 1712: మూడు ఘట్టాలూ ఒక్క పాదంలో.

వెన్నెలవాగు:
నాకూ ఆ పాదమే నచ్చింది. మూడో పాదంతోనే పేచీ. ఆశ లేచింది అన్నదమ్ముల ఎదల్లో అన్నారు. నిప్పు చెఱలో రేగిందంటోంది సమస్య. ఎద వేరు, చెఱ వేరు. "చెఱలోన" అనాథగా మిగిలింది.

కొండవాలు:
అన్నగారైన యిన్‌తీ 1708లోనే బందీ అయ్యాడు కదండీ. ఒక మంగోలు లామా చేత యువరాజు మీద చేతబడి చేయించాడని మూడో కొడుకు చెప్పాడు. తవ్విస్తే పాతిపెట్టిన వస్తువులు బయటపడ్డాయి. ఆ చెఱ అనుకోవచ్చు.

వెన్నెలవాగు:
చరిత్ర తెలిసినవాళ్లు అనుకోగలరు. పద్యంలో ఆ సూచన లేదు. పైగా యిన్‌తీ విషయంలో ఆశ ముందు, చెఱ తర్వాత. తమ్ముణ్ని చంపాలనుకుంటే మీ చేతులతో చెయ్యనక్కర్లేదని తండ్రితోనే అన్నాడట! ఆ మాటకే కాంగ్షీ నిర్ఘాంతపోయాడు. ఇతని నిప్పు చెఱకు ముందే రగిలింది.

నిర్వాహకులు:
వాదన బాగుంది, తీర్పు వెన్నెలవాగు గారి వైపే. కొండవాలు గారూ, మూడో పాదం ఇలా మార్చి చూడండి:

అలిగి మగ్గెడు వానికి నదియె తలఁపు

అప్పుడు నిప్పు యిన్‌రెంగ్ గుండెలోనే రేగుతుంది, చెఱ కూడా అతనిదే. ఒకసారి చెరిపి మళ్లీ రాసిన తండ్రి రెండోసారీ రాస్తాడేమో అన్న ఆశ! 1709 పునరుద్ధరణ లేకపోతే 1715 ఉత్తరం ఉండేది కాదని నా అభిప్రాయం. తొలిసారే తలుపు శాశ్వతంగా మూసి ఉంటే సేనాపత్యం అడిగే ధైర్యం ఎవరికి వస్తుంది?

కొండవాలు:
అలాగే స్వీకరిస్తున్నాను, ధన్యవాదాలు.

పాలకంకి:

కొడుకులను మంత్రులను జేర్చి కూర్మి విడిచి
దోసములఁ బేర్చి పదవికిఁ దొలఁగఁ జేసి
నేలఁ బడి వెక్కె నా తండ్రి నిజమె, తన క
న్నీటి వ్రాతయె చెఱలోన నిప్పు రేపె.

మెట్టపొలం:
ఆహా, విరుపు! కన్నీరు చేశారు నీటిని.

నిర్వాహకులు:
విరుపు ఊహ గొప్పది, ఘట్టమూ అసలైనదే. 1708లో వేట నుంచి తిరిగి వస్తూ బుర్హాసుతాయ్ విడిదిలో కాంగ్షీ అందరినీ పిలిపించి, కొడుకును మోకాళ్ల మీద కూర్చోబెట్టి, తప్పులు చదివి, ఏడుస్తూ నేల మీద పడిపోయాడు. జబ్బుపడ్డ పసితమ్ముడి మీద జాలి చూపలేదనీ, రాత్రుళ్లు గుడారపు చీలికల్లోంచి తొంగి చూస్తున్నాడనీ ఆ అభియోగాలు.

కానీ ఛందస్సు ఒప్పుకోదు పాలకంకి గారూ. సమస్య మొదటి అక్షరం "నీ" మీ పద్యంలో "న్నీ" అయింది. దాని ముందున్న "క" గురువవుతుంది. మూడో పాదం చివరి గణం "తనక": విడిగా చూస్తే నగణం (మూడు లఘువులు), సూర్యగణమే. ఇప్పుడు రెండు లఘువులూ ఒక గురువూ, అంటే సగణం; తేటగీతిలో అక్కడ చెల్లదు. ద్విత్వంతో విరిచినప్పుడల్లా వెనక పాదం చివరి గణం మళ్లీ లెక్కపెట్టాలి. నాలుగో పాదం బాగానే ఉంటుంది కాబట్టి తప్పు కంటికి ఆనదు. ఇచ్చిన పాదంలో అక్షరం మార్చకూడదన్న నియమం సరేసరి.

వెన్నెలవాగు:
"తన క" తీసేసి "కనుల" అంటే?

నేలఁ బడి వెక్కె నా తండ్రి నిజమె, కనుల
నీటి వ్రాతయె చెఱలోన నిప్పు రేపె.

నిర్వాహకులు:
అంతే! నగణం నిలిచింది, కన్నీరూ నిలిచింది, సమస్య అక్షరం చెక్కుచెదరలేదు. ఈ వారం అన్నిటికంటే పొదుపైన సవరణ ఇది.

పాలకంకి:
వెన్నెలవాగు గారికి కృతజ్ఞతలు. ఈ ఘట్టానికి చెఱ ష్యెనాన్ భవనమే అనుకోవచ్చా?

నిర్వాహకులు:
అది రెండోసారి బంధించిన చోటు. 1708లో బీజింగ్ చేరాక రాజు గుర్రపుశాలల పక్కన కంబళి గుడారం వేసి అందులో ఉంచారు. కాపలా బాధ్యత అన్నగారు యిన్‌తీకి, నాలుగో కొడుకు యిన్‌జెన్‌కు అప్పగించారు. మీ పద్యంలో కొలువుదీరిన ఘట్టం 1708ది కాబట్టి చెఱ ఆ గుడారమే.

ఏటిగట్టు:

నలువ దేఁడులు యువరాజు నామ మొకటె
యెదురు చూపుల కొక తుది యేది యనుచు
దండు నాయక పదవికై తహతహపడి
నీటి వ్రాతయె చెఱలోన నిప్పు రేపె.

తుంగభద్ర:
ఏటిగట్టు గారూ, మూడో పాదం చదువుతుంటేనే తహతహ వినిపిస్తోంది. రెండు మాటలు. 1676 నుంచి తొలి తొలగింపు దాకా దాదాపు 33 ఏళ్లు, 1712 దాకా లెక్కేసినా 37కు లోపే. నలభై ఎక్కడిది?

ఏటిగట్టు:
కొరియా ఆస్థాన రికార్డుల్లో అతని మాటగా రాశారు: లోకంలో నలభై ఏళ్ల యువరాజు ఎక్కడైనా ఉన్నాడా అని. దాన్నే తీసుకున్నాను.

తుంగభద్ర:
అయితే అది అతని నోటి మాటగా రావాలి, కవి చెప్పిన లెక్కగా కాదు. రెండోది వ్యాకరణం. "తహతహపడి" క్త్వార్థకం ("చేసి", "చూచి" లాంటి అసమాపక క్రియ), పడినవాడూ నిప్పు రేపినవాడూ ఒకడే కావాలి. పడింది యువరాజు, రేపింది వ్రాత. కర్త మారిపోయింది.

నిర్వాహకులు:
సమస్యాపూరణల్లో నూటికి సగం ఇక్కడే కుంటుతాయి. సమస్య పాదానికి దాని కర్త దానికుంటుంది. మన మూడో పాదం "చేసి", "చూచి", "పడి" అని ముగిస్తే రెండూ కొట్టుకుంటాయి. "పడ" అంటే సరిపోతుంది, గణమూ మారదు:

నలువ దేఁడుల యువరాజు నాఁగఁ గలఁడె
యెదురు చూపుల కొక తుది యేది యనుచు
దండు నాయక పదవికై తహతహపడ
నీటి వ్రాతయె చెఱలోన నిప్పు రేపె.

ఆ సేనాపత్యం చివరికి 1718లో కాంగ్షీ పద్నాలుగో కొడుక్కి దక్కింది.

కొండవాలు:
నిర్వాహకుల పూరణ ఏదీ?

నిర్వాహకులు:

పేరు బయటకుఁ దెలుపక పెట్టె నుంచి
ఫలక మాటున దాచెను ప్రభువు పిదప;
తెలిసెఁ దొల్లింటి యువరాజు తీరువలన
నీటి వ్రాతయె చెఱలోన నిప్పు రేపె.

ఆ ప్రభువు గుడారం దగ్గర కాపలా ఉన్న యిన్‌జెన్. యుంగ్‌జెంగ్ చక్రవర్తి అయ్యాక, 1723లో, వారసుడి పేరు రాసి పెట్టెలో పెట్టించి చియెన్‌చింగ్ భవనంలోని ఫలకం వెనక ఉంచాడు. బతికుండగా యువరాజు ఎవరో తెలియకపోతే చుట్టూ ముఠా కట్టేవాళ్లూ ఉండరు, గోతులు తవ్వే అన్నదమ్ములూ ఉండరు.

మెట్టపొలం:
మూడు, నాలుగు పాదాల మధ్య "అని" కావాలి కదండీ?

నిర్వాహకులు:
అధ్యాహారం చేసుకోవాలి (లేని మాటను ఉన్నట్టు అనుకోవాలి), నిజమే. "వలన" తర్వాత చోటు లేదు. "తెలిసె" పాదం మొదట ఉండటం వల్ల అర్థం అందుతుంది గాని, నిక్కచ్చిగా మార్కులేస్తే మెట్టపొలం గారి సవరించిన పద్యం దీనికంటే ముందుంటుంది.

వచ్చే వారానికి సమస్య, ఇదీ తేటగీతే:

*తల్లి కోసిన కాయలు తల్లడిల్లె*

విషయం తాంగ్ వంశపు యువరాజు లీ ష్యెన్, తల్లి వూ జతియెన్. 680లో అతని గుర్రపుశాలలో వందల కొద్దీ కవచాలు దొరికాయని రాజద్రోహం మోపి తొలగించారు. 684లో బాజౌలో బలవంతాన ప్రాణం తీసుకునేలా చేశారు. 706లో చియెన్‌లింగ్ రాజసమాధుల దగ్గర మళ్లీ ఖననం చేశారు. పాదు మీద కాయలు కోసే పాట ఒకటి అతని పేరిట ప్రచారంలో ఉంది. ఊతంగా వాడుకోవచ్చు, అనువదించి పెట్టొద్దు. ఒక్కొక్కరు రెండు పూరణలకు మించకుండా పంపండి.