పిక్ అప్: అర్థాలన్నీ బట్టీ పట్టాలా, వాడుకలో పట్టుకోవాలా?

కొత్త అభ్యాసి: ఇంగ్లిష్‌లో ‘పిక్ అప్’ అర్థాలు రాసుకుంటూ పోతే పేజీ నిండింది. కింద పడింది తీయడం, మనిషిని బండిలో ఎక్కించుకోవడం, ఫోన్ ఎత్తడం, జబ్బు అంటించుకోవడం, భాష వినీ వినీ నేర్చుకోవడం, సిగ్నల్ అందుకోవడం, వ్యాపారం పుంజుకోవడం. ఇవన్నీ బట్టీ పట్టాల్సిందేనా? పరీక్ష దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

సూటిమాట: బట్టీ పట్టండి, వేరే దారి లేదు. ‘పిక్’ అంటే ఏరడం, ‘అప్’ అంటే పైకి. రెండూ కలిపితే జలుబు ఎలా వస్తుంది? కష్టమనిపిస్తే కలెక్ట్, లెర్న్, ఇంప్రూవ్ వాడుకోండి.

పదాల పిచ్చి: సూటిమాట గారూ, మనం రాసేటప్పుడు ఆ సలహా పనికొస్తుంది. వినేటప్పుడు పనికిరాదు, ఎదుటివాళ్లు మన కోసం మాట మార్చుకోరు కదా. ఇక బట్టీ సంగతి. మనకు ఎండ కొడుతుంది, వాసన కొడుతుంది, బోర్ కొడుతుంది, ఈత కొడతాం, పర్సు ఎవడో కొట్టేస్తాడు. ఇవేవీ ఎవరూ జాబితా రాసుకుని నేర్చుకోలేదు. పక్కనున్న మాటే అర్థం చెప్పేస్తుంది.

‘పిక్ అప్’ కూడా అంతే. వాక్యంలో ‘దేన్ని? ఎవరిని?’ అని అడగండి. జవాబు ఉంటే చాలావరకు ఏదో ఒకటి మన దగ్గరికి చేరుతోందని అర్థం: వస్తువు, మనిషి, జలుబు, భాష, సిగ్నల్. జవాబు లేకపోతే సాధారణంగా పుంజుకోవడం. ‘ద విండ్ పిక్డ్ అప్’ అంటే గాలి జోరందుకుంది. ఫోన్ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘షి డిడ్ నాట్ పిక్ అప్’ అన్నప్పుడు ‘ఫోన్’ అనే మాట పైకి రాదు, లోపల ఉంటుంది. మనమూ ‘ఎత్తట్లేదు’ అని ఊరుకుంటాం కదా.

ఒకే మాటను రెండు చోట్ల చూడండి. చేతులు చాచిన పసిపాప ‘పిక్ మీ అప్’ అంటే ఎత్తుకోమని. స్నేహితురాలు ‘పిక్ మీ అప్ ఎట్ సిక్స్’ అంటే ఆరింటికి వచ్చి తీసుకెళ్లమని. మాట మారలేదు, సందర్భం మారింది. ఇంకొకటి, ‘మీ’, ‘ఇట్’ లాంటివి నడుమనే రావాలి. ‘పిక్ అప్ మీ’ అనకూడదు.

సూటిమాట: ఇలా క్రియకు ‘అప్’, ‘ఆన్’ లాంటి చిన్న మాట చేరితే ‘ఫ్రేజల్ వెర్బ్’ అంటారు. ఆ పేరు ప్రచారంలోకి తెచ్చింది 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత. అదీ జాతీయాల (ఇడియమ్స్) మీద రాసిన పుస్తకంలో. జాతీయానికి విడి మాటల లెక్క కుదరదు. ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం. అది ఏ సందర్భం చెబుతుంది?

పదాల పిచ్చి: ‘పుట్ అప్ విత్’ విషయంలో మీతో ఏకీభవిస్తాను. దాన్ని మొత్తంగా ఒకే ముక్కలా గుర్తుపెట్టుకోవాలి. అలాంటివి వేరే పేజీలో రాసుకోమనండి, సరిపోతుంది. వాటి కోసం ‘పిక్ అప్’నూ బట్టీలోకి తోయడం అన్యాయం. అర్థం పక్కన అర్థం రాసుకున్న పిల్లలు పరీక్షలో వాక్యం చదవరు, జాబితాలో మొదటిది పెట్టేస్తారు.

కొత్త అభ్యాసి: మరి ‘షి పిక్డ్ అప్ ఆన్ హిజ్ ఫియర్’? ‘ఆన్’ ఎందుకొచ్చింది?

పదాల పిచ్చి: అతని భయాన్ని ఆమె పసిగట్టింది. ఎదుటివాళ్లు పైకి చెప్పనిది గ్రహించినప్పుడు ఈ ‘ఆన్’ తరచుగా వస్తుంది. దీన్ని మాత్రం మీ పేజీలో చేర్చండి, వాక్యంతో సహా.