వెరికోస్ పుండుకు జలగలు పెట్టించొచ్చా?

అలిపిరి_వాసి:
నాన్నకు 64. చీలమండ పైన వెరికోస్ పుండు (కాలి సిరలు ఉబ్బి వచ్చేది), చుట్టూ చర్మం నల్లబడింది. తిరుపతిలో ఆయుర్వేద డాక్టరు వారానికోసారి జలగలు పెడదామంటున్నారు. గుండెకు క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) వాడుతున్నారు. పెట్టించొచ్చా? ఏమేం చూసుకోవాలి?

శల్యతంత్రం:
క్లోపిడోగ్రెల్ దగ్గరే ఆగాలి సామీ. జలగ లాలాజలంలోని హిరుడిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. దానికి ఈ మాత్ర తోడైతే కాటు కారుతూనే ఉంటుంది. అలాగని మాత్ర మీరే మానిపించొద్దు, స్టెంట్ ఉంటే మూసుకుపోయే ప్రమాదం. గుండె డాక్టరు సరేనన్నాకే మిగతా మాట. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, షుగర్, కాలి డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) చూడకుండా పెట్టేవాళ్ల దగ్గరికి పోవద్దు.

పద్ధతి ఇదీ: జలగను కాసేపు పసుపునీళ్లలో వేసి మంచినీళ్లలోకి మారుస్తారు. కాలిని ఉత్త నీళ్లతోనే కడగాలి, సబ్బు, స్పిరిట్ వాసనుంటే పట్టదు. మొండికేస్తే సూదితో గుచ్చి రక్తపు చుక్క చూపిస్తే చాలు. నోరు గుర్రపుడెక్కలా ఆనించి మెడ ఎత్తిందంటే పట్టినట్టే, సుశ్రుతుడు చెప్పిన గుర్తే అది. పైన తడిగుడ్డ కప్పాలి. అరగంట, ముప్పావుగంటలో తానే రాలుతుంది. లాగితే దవడలు గాయంలో ఉండిపోవచ్చు. వదలకపోతే నోటి దగ్గర చిటికెడు పసుపో సైంధవ లవణమో వేస్తాం.

కుట్టుసూది:
ఉప్పు మాత్రం వద్దండీ. ఉప్పు తగిలితే జలగ తాగింది కాటులోకే కక్కుతుంది, దాని పేగులోని ఏరోమోనాస్ బ్యాక్టీరియా పుండులోకి చేరుతుంది. షుగర్ ఉన్న కాలికి అది మామూలు విషయం కాదు. ప్లాస్టిక్ సర్జరీలో అందుకే సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ ముందే మొదలుపెడతారు.

అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2004లో జలగలకు అనుమతిచ్చింది. సర్జరీలో వాటి అసలు పని వేరు. అతికించిన వేలు నీలంగా ఉబ్బితే సిర మూసుకుందని అర్థం, జలగ పెడతారు. తెల్లగా, చల్లగా ఉంటే ధమని సమస్య, జలగతో లాభం లేదు. ఒక్కోటి తాగేది 5-15 మి.లీ.; అది రాలాక గంటల తరబడి కారే రక్తమే ఒత్తిడి తగ్గిస్తుంది. ఇంట్లో ఉన్న పెద్దాయనకు ఆ కారడమే ముప్పు.

ఇంకోటి, జలగ సిరల్లోని కవాటాలను బాగుచేయదు. డాప్లర్‌లో ధమనులు బాగున్నాయంటే కంప్రెషన్ కట్టు (కాలిని బిగువుగా నొక్కి ఉంచే కట్టు) కట్టాల్సిందే. లేకపోతే మానిన పుండు మళ్లీ తెరుచుకుంటుంది.

చెరువుగట్టు:
డబ్బా మీద రోగి పేరు, తేదీ ఉన్నాయేమో చూడండి. ఒకరి రక్తం తాగిన జలగను ఇంకొకరికి పెట్టకూడదు. కక్కించి వారం తర్వాత అదే రోగికి వాడేవాళ్లున్నారు, ప్రతిసారీ కొత్తది అడగడమే మేలు. కొళాయి నీళ్ల క్లోరిన్‌కు జలగలు చస్తాయి, బోరు నీళ్లే పోయాలి. ఇంటికొచ్చాక కట్టు తడిస్తే విప్పకుండా పైన ఇంకో కట్టు వేసి, కాలు ఎత్తి పెట్టి అదమండి. అదీ తడిసిపోతుంటే తెల్లారేదాకా చూడకుండా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి, మాత్రల చీటీ వెంట ఉండాలి.