చవక డ్రైవర్లతో ఇంట్లోనే స్పీకర్లు: 8 అంగుళాల ఊఫరా, 4 అంగుళాల ఫుల్‌రేంజా?

తెనాలి_కుర్రాడు:

అందరికీ నమస్కారం. టీపీఏ 3116 ఆంప్లిఫయర్ బోర్డు ఒకటి ఉంది, దానికి పాత లాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ పెట్టి నడుపుతున్నాను. ఇప్పుడు దానికి రెండు స్పీకర్లు చేసుకోవాలి. మా బాబాయి వడ్రంగి. 18 ఎంఎం ప్లైవుడ్ ముక్కలు మిగిలాయి, పెట్టెలు కోసిస్తానన్నాడు. అంటే ఖర్చు డ్రైవర్లకే, అదే పెట్టెలో బిగించే కోన్ ఉన్న యూనిట్లకే. రెండు వైపులా కలిపి మూడు వేలు దాటకూడదు.

హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో రెండు మూడు షాపులు తిరిగాను. ఒక షాపులో 8 అంగుళాల ఊఫర్ (బాస్ పలికే డ్రైవర్) చూపించి "300 వాట్లు, కళ్ళు మూసుకుని తీసుకో" అన్నారు. దానితో ఒక పీజో ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న డ్రైవర్), ట్వీటర్‌కి కింది స్వరాలు వెళ్ళకుండా ఆపే ఒక కెపాసిటర్ ఇస్తారట. డేటాషీట్, అంటే కంపెనీ ఇచ్చే కొలతల కాగితం, అడిగితే నవ్వారు. అదే డబ్బుకి ఇంకో చోట 4 అంగుళాల ఫుల్‌రేంజ్ జత ఉంది, అంటే కింది స్వరాలూ పై స్వరాలూ ఒకే డ్రైవర్ పలికే రకం. దాని మీద 30 వాట్లు అని రాసుంది, కానీ డేటాషీట్ పూర్తిగా ఉంది. 300 వదిలేసి 30 కొంటావా అని మా వాళ్ళు ఆటపట్టిస్తున్నారు.

గది పదీ పన్నెండు అడుగులు. ఎక్కువగా వినేది ఘంటసాల, ఇళయరాజా. అదీ రాత్రిపూట, తక్కువ సౌండ్‌లోనే. ఏది తీసుకోమంటారు?

బెజవాడ_బాస్:

బ్రో, రెండూ వద్దు. కార్లకి వేసే 6 అంగుళాల కోయాక్సియల్ జత తీసుకో. ట్వీటర్ మధ్యలోనే ఉంటుంది, కెపాసిటర్ కూడా దానికే అతికించి వస్తుంది. పెట్టెకి బెజ్జం కొట్టి బిగించడమే. నేను అలాగే చేశా, సూపర్‌గా ఉంది.

పాతరేడియో:

తమ్ముడూ, ఆ 4 అంగుళాల జత తీసుకో. ఎందుకో చెబుతాను, కొంచెం పెద్దదవుతుంది. వరంగల్‌లో ఆంప్లిఫయర్లు బాగుచేస్తూ బతికినవాణ్ణి, ఈ విషయం ఎత్తితే క్లుప్తంగా మాట్లాడలేను.

ముందు ఆ 300 వాట్ల సంగతి. స్పీకర్ మీద రాసే వాట్లు అది ఎంత గట్టిగా పాడుతుందో చెప్పవు. కోన్‌ని కదిపే లోపలి తీగచుట్ట, అంటే కాయిల్, కాలిపోకుండా ఎంత వేడి తట్టుకుంటుందో చెబుతాయి, అదీ రాసినవాడు నిజం రాస్తే. 19 వోల్టుల మీద నీ బోర్డు 8 ఓమ్ స్పీకర్‌కి ఇచ్చేది ఛానల్‌కి ఇరవై వాట్ల దగ్గర. కాబట్టి 30 ఉన్నా 300 ఉన్నా నీకు తేడా లేదు. నువ్వు చూడాల్సింది సెన్సిటివిటీ. 2.83 వోల్టులు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డీబీల (డెసిబెళ్ళ) సౌండ్ వస్తుందని షీట్‌లో ఉంటుంది. 85 ఉన్నదానికీ 88 ఉన్నదానికీ మధ్య తేడా అంటే ఆంప్లిఫయర్ పవర్ రెట్టింపు చేసినంత. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 2.83 వోల్టులు 8 ఓమ్ మీద 1 వాట్, 4 ఓమ్ మీద 2 వాట్లు. అందుకే 4 ఓమ్ డ్రైవర్ అంకె కాగితం మీద 3 డీబీ ఎక్కువగా కనబడుతుంది. రెండింటినీ పోల్చేటప్పుడు ఆ 3 తీసేసి చూడు.

ఇక 8 అంగుళాలు, పీజో. నా గొడవంతా ఈ జోడీతోనే. 8 అంగుళాల కోన్ రెండు వేల హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికే శబ్దాన్ని టార్చిలైటులా ఎదురుగా మాత్రమే పంపడం మొదలుపెడుతుంది. పక్కన కూర్చుంటే మాటల్లో స్పష్టత పోతుంది. పీజోలు చాలావరకు నాలుగైదు వేల పైన గానీ అందుకోవు. మధ్యలో మిగిలిన ఆ ఖాళీలోనే "స", "ష", "చ" తేటగా వినబడే భాగం చాలా ఉంది. ఘంటసాల వినే మనిషివి, ఉచ్చారణ పోగొట్టుకుని గజ్జెల మోత ఒక్కటి తెచ్చుకుంటే ఏం లాభం? షాపువాళ్ళిచ్చే ఆ కెపాసిటర్ ఈ ఖాళీని పూడ్చదు. మామూలు 8 ఓమ్ ట్వీటర్‌కి 4.7 మైక్రోఫారడ్ పెడితే 4,200 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది, 2.2 పెడితే 9,000 దగ్గర. పీజోకి ఈ లెక్క కూడా వర్తించదు, ఎందుకంటే అదే ఒక కెపాసిటర్.

ఫుల్‌రేంజ్‌లో ఆ తలనొప్పి లేదు. గొంతు మొత్తం ఒకే కోన్ నుంచి వస్తుంది, స్వరాలని ఊఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే క్రాసోవర్ అక్కర్లేదు. వైఫా పేరుతో వచ్చి ఇప్పుడు పీర్‌లెస్ పేరుతో దొరికే టీసీ9ఎఫ్‌డీ18 అనే మూడున్నర అంగుళాల డ్రైవర్ ఉంది. చవకలో మంచిది కావాలని అడిగితే ప్రపంచమంతా దాని పేరు చెబుతుంది. దాన్ని విన్నవాళ్ళు సైజు చూసి నవ్వరు.

దీనికీ లోటు ఉంది, దాచను. బాస్ ఒక ఆక్టేవ్ కిందికి, అంటే 100 నుంచి 50 హెర్ట్జ్‌కి, అదే సౌండ్‌తో దిగాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 4 అంగుళాల కోన్ వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు, 8 అంగుళాలది 200 పైనే. అంత చిన్న కోన్ ఎంతని కదులుతుంది? 80 హెర్ట్జ్ కింద పెద్దగా ఆశ పెట్టుకోకు. తబలా, మృదంగం బాగుంటాయి. ఇళయరాజా బాస్ గిటార్ గీత వినబడుతుంది గానీ ఛాతీకి తగలదు. పాత మోనో రికార్డింగుల్లో అట్టడుగు బాస్ ఎలాగూ పెద్దగా లేదు. రాత్రిపూట పదీ పన్నెండు గదిలో ఇది సరిపోతుంది. తర్వాత కావాలంటే ఒక సబ్‌ఊఫర్ కలుపుకోవచ్చు.

పెట్టెని గోడకి దగ్గరగా పెట్టు. పెట్టె ముఖం 20 సెంటీమీటర్ల వెడల్పు ఉంటే 575 హెర్ట్జ్ అటూ ఇటూగా మొదలై కింది స్వరాలు పెట్టె వెనక్కి కూడా పారి పలచబడతాయి. వెనక గోడ ఉంటే అందులో కొంత తిరిగి వస్తుంది.

డేటాషీట్ ఉన్నది కొనమనడానికి అసలు కారణం పెట్టె. నెవిల్ థీల్ అనే ఆస్ట్రేలియా ఇంజినీరు 1961లో, ఆయన తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్ ఈ లెక్కలు తేల్చిపెట్టారు. ఎఫ్ఎస్ (కోన్ తనంతట తాను ఊగే హెర్ట్జ్), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత అదుపులో ఉంటుందో), వీఏఎస్ (కోన్ అంత స్ప్రింగులా పనిచేసే గాలి ఎన్ని లీటర్లో) అనే మూడు అంకెలు తెలిస్తే పెట్టె ఎన్ని లీటర్లు ఉండాలో బాబాయి రంపం పట్టకముందే తెలిసిపోతుంది. ఈ లెక్కలు చేసే విన్ఐఎస్‌డీ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఉచితం, అందులో అంకెలు కొట్టి చూడు. క్యూటీఎస్ 0.4 లోపు ఉంటే గొట్టం పెట్టిన పెట్టెకి పనికొస్తుంది, 0.4 నుంచి 0.7 వరకు మూసిన పెట్టె, అంతకన్నా ఎక్కువైతే వెనక తెరిచిన పలకే నయం. ఇది చేతి లెక్క, శిలాశాసనం కాదు. ఆ 8 అంగుళాలదానికి ఈ అంకెలు ఏవీ లేవు. మరి ఏ పెట్టె చేస్తావు?

బెజవాడ తమ్ముడు చెప్పిన కారు స్పీకర్లు చెడ్డవి కావు. అవి కారు తలుపులో పెట్టడానికి చేసినవి, చాలావాటికి క్యూటీఎస్ ఎక్కువ. చిన్న పెట్టెలో బిగిస్తే బాస్ ఒకే చోట ఉబ్బి బుంయ్ మంటుంది. చాలామందికి అదే సూపర్‌గా అనిపిస్తుంది, అది వేరే సంగతి.

షాపులో డబ్బిచ్చే ముందు నాలుగు వేళ్ళూ కోన్ చుట్టూ సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కు. గరగర వినబడితే కాయిల్ రాసుకుంటోంది, పక్కన పెట్టెయ్. మీటర్‌తో ఓమ్‌లు చూడు. 8 ఓమ్ అన్నది ఆరు, ఆరున్నర చూపించాలి. జతలో రెండూ దాదాపు ఒకటే ఉండాలి. కోన్ అంచు ఫోమ్ అయితే వద్దు. మన ఎండకీ ఉక్కకీ కొన్నేళ్ళలో పిండిలా రాలిపోతుంది, మళ్ళీ రీకోన్, అంటే కోన్ మార్పించే, ఖర్చు. రబ్బరో గుడ్డో అయితే మంచిది. మ్యాగ్నెట్‌కి రబ్బరు తొడుగు ఉంటే తీసి లోపల అసలెంతుందో చూడు.

మైక్‌సెట్_శీను:

పాతరేడియో గారితో సగం ఒప్పుకుంటా. 8 అంగుళాలని అంత తీసిపారేయకండి సార్. మధ్యలో ఇంకో చిన్న కోన్ ఉండే డబుల్ కోన్ రకం 8 అంగుళాలవి ఉంటాయి కదా, పాత రేడియోగ్రాంలలో వచ్చినట్టు. వాటి సెన్సిటివిటీ బాగా ఎక్కువ. పెద్ద పలకకి బిగించి వెనక మూయకుండా వదిలేస్తే గొంతు హాయిగా వస్తుంది. ఎల్ఏ 4440 ఆంప్లిఫయర్ బోర్డు స్టీరియోలో ఛానల్‌కి ఆరు వాట్లే ఇస్తుంది, దానితోనే మా ఇల్లంతా వినబడుతుంది.

మా ఊళ్ళో అయితే పెట్టె గొడవే లేదు, కుండ మూతి మీద స్పీకర్ బోర్లించి ఎంసీల్‌తో అతికించడమే. నవ్వకండి. కుండ గోడలు గట్టివి, ఎదురెదురుగా సమాంతరంగా ఉండవు. మూసిన పెట్టెకి ఇంకేం కావాలి?

పాతరేడియో:

శీను గారు చెప్పిన డబుల్ కోన్ రకం దొరికితే నేనూ సరే అంటాను. తమ్ముడికి చూపించింది అది కాదు. కుండ మాటా నిజమే, నీళ్ళు పోసి కొలిస్తే ఎన్ని లీటర్లో కూడా తెలుస్తుంది. వైర్ తీసిన బెజ్జం మాత్రం గాలి పోకుండా మూయాలి.

తెనాలి_కుర్రాడు:

థాంక్స్ అండీ, 4 అంగుళాలే ఫిక్స్. ఇంకొక్కటి. ఇంట్లో పాత మ్యూజిక్ సిస్టమ్‌లోవి ఆరున్నర అంగుళాల ఊఫర్లు రెండు పడున్నాయి. వాటికి డేటాషీట్ లేదు. ఆ అంకెలు మనమే కొలుచుకోవచ్చా?

పాతరేడియో:

కొలవచ్చు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్, నీ ఆంప్లిఫయర్, 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఏసీ మిల్లీవోల్టులు చూపే మీటర్ చాలు. స్పీకర్‌ని గాల్లో ఉంచి దానితో వరసగా (సిరీస్‌లో) రెసిస్టర్ కలుపు. మీటర్ స్పీకర్ కాళ్ళ మీద పెట్టు. ముందుగా స్పీకర్ బదులు 10 ఓమ్ రెసిస్టర్ పెట్టి ఎన్ని మిల్లీవోల్టులు వస్తున్నాయో రాసుకో. దాన్ని బట్టి తర్వాత వచ్చే ప్రతి అంకెనీ ఓమ్‌లలోకి మార్చుకోవచ్చు. వాల్యూమ్ మళ్ళీ ముట్టుకోకు. నీ బోర్డులో అవుట్‌పుట్ రెండు తీగలూ సిగ్నల్‌వే, ఏదీ గ్రౌండ్ కాదు. అందుకని మీటర్ తప్ప కంప్యూటర్ మైక్ ఇన్‌పుట్ లాంటిది అక్కడ తగిలించకు, బోర్డు పోతుంది.

20 హెర్ట్జ్ నుంచి పైకి వెళ్తూ ఉంటే ఒక చోట మీటర్ శిఖరం చూపుతుంది. అదే ఎఫ్ఎస్. అది 60 హెర్ట్జ్, అక్కడ 40 ఓమ్‌లు, కాయిల్ డీసీ 6.4 ఓమ్‌లు అనుకుందాం. నలభైని 6.4తో భాగిస్తే 6.25, దాని వర్గమూలం 2.5. ఇప్పుడు 6.4 ఇంటూ 2.5, అంటే 16 ఓమ్‌లు ఎక్కడ వస్తాయో శిఖరానికి రెండు వైపులా వెతుకు. 41, 89 అనుకో, తేడా 48. ఎఫ్ఎస్‌ని 2.5తో గుణించి 48తో భాగిస్తే 3.1, దాన్ని 6.25తో భాగిస్తే 0.5. అదే క్యూటీఎస్.

వీఏఎస్‌కి కోన్ మీద తెలిసిన బరువు పెట్టాలి. రూపాయి, రెండు రూపాయల స్టీలు బిళ్ళలు పెట్టకు, మ్యాగ్నెట్ లాగుతుంది. సోల్డర్ తీగ చుట్ట బంగారం కొట్టు కాటా మీద 10 గ్రాములు తూచి, మధ్య టోపీ చుట్టూ అంటించు. శిఖరం 60 నుంచి 45కి దిగిందనుకో, కోన్ బరువు దాదాపు 13 గ్రాములు. ఆరున్నర అంగుళాల కోన్ వైశాల్యం 135 చదరపు సెంటీమీటర్లు వేసుకుంటే వీఏఎస్ 14 లీటర్లు వస్తుంది. క్యూటీఎస్ 0.5 అయినప్పుడు మూసిన పెట్టె వీఏఎస్ ఎంతో అంతే చెయ్, క్యూటీసీ (పెట్టెలో బిగించాక వచ్చే క్యూ) 0.7 వస్తుంది. అంటే 14 లీటర్లు, బాస్ 85 హెర్ట్జ్ వరకు. లోపలి కొలతలు 30, 20, 23.5 సెంటీమీటర్లు. దిండ్లలో కూరే రిక్రాన్ కొంచెం వదులుగా నింపు.

ఆ పాతవి ఫోమ్ అంచువైతే ఇంత లెక్కకి ముందు వేలితో ఒకసారి తాకి చూడు.

తెనాలి_కుర్రాడు:

తాకాను. ఒకటి రాలిపోయింది, రెండోది బాగానే ఉంది :) 4 అంగుళాలవి 4 ఓమ్, 8 ఓమ్ రెండూ ఉన్నాయట. ఏది చెప్పమంటారు?

పాతరేడియో:

8 చెప్పు. నీ బోర్డు 4 ఓమ్ కూడా లాగుతుంది గానీ ఆ లాప్‌టాప్ అడాప్టర్ మీద రెట్టింపు కరెంటు పడుతుంది, గట్టి బీట్ వచ్చినప్పుడల్లా ఆగి మళ్ళీ మొదలవుతుంది. రాత్రిపూట వినే సౌండ్‌కి 8 చాలు. బిగించే ముందు ఒకటిన్నర వోల్టుల సెల్ ఒక్క క్షణం తగిలించి చూడు. కోన్ ముందుకు వస్తే సెల్ ప్లస్ ఉన్న కాలే స్పీకర్ ప్లస్. రెండింటికీ గుర్తు పెట్టుకుని ఒకేలా కలుపు.