మూడు మిషన్లు, ఒకే ఫైలు, మూడు రకాల బూడిద రంగు

గోడబొమ్మ:
మిత్రులారా, పొద్దున తొమ్మిదింటికి కూర్చున్నాను, సాయంత్రం నాలుగైంది. తల బద్దలవుతోంది. గోడంత బొమ్మ ఒకటి 12 ప్యానెళ్లుగా వేస్తున్నాం. తొందరగా తెమిలిపోతుందని మూడు ప్రింటింగ్ మిషన్ల మీదా పంచాను. వెనకంతా బూడిద రంగు. ఒక మిషన్‌లో అచ్చంగా బూడిదే వచ్చింది. రెండోదాంట్లో పాచి పట్టినట్టు ఆకుపచ్చ ఛాయ, మూడోదాంట్లో గులాబీ జీర. ఫైలు ఒక్కటే, రిప్ (ఫైలుని మిషన్ వేసే చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్) ఒక్కటే, రంగుల లెక్క ఉండే ప్రొఫైల్ కూడా ఒక్కటే. మూడింటికీ కాలిబ్రేషన్ చేశాను, ఇంకు చిమ్మే రంధ్రాలు మూసుకుపోలేదని చూసే నాజిల్ చెక్ శుభ్రంగా ఉంది. రెండోదాంట్లో మెజెంటా కొంచెం పెంచితే బూడిద సర్దుకుంది కానీ బొమ్మలో మనుషుల ముఖాలు ఎర్రబడ్డాయి. ఎల్లుండి అతికించాలి. ఒకటే టెన్షన్‌గా ఉంది, ఎవరైనా దారి చూపించండి.

నీలిగీత:
ఏ ఇంకు? ఏ మెటీరియల్? ఎన్ని పాస్‌లు, అంటే హెడ్ ఒకే చోట ఎన్నిసార్లు తిరుగుతోంది? ఇవేవీ లేకుండా ఎవరేం చెబుతారు?

పాతమిషన్:
గోడబొమ్మ గారూ, మిషన్ల సంగతి తర్వాత. మీరు ఏ వెలుతురులో చూస్తున్నారు? ఇది నేను ప్రతిసారీ అడుగుతాను. రెండు ముక్కలు ట్యూబ్‌లైటు కింద ఒకేలా ఉండి, గుమ్మం దాటి పగటి వెలుతురులోకి తెచ్చేసరికి వేరుపడటం నా కళ్లతో చూశాను. వేర్వేరు ఇంకులతో కట్టిన బూడిదకి ఈ జబ్బు మరీ ఎక్కువ. మెటామెరిజం అంటారు దీన్ని. ప్రింటు చూడటానికి ఐఎస్ఓ 3664 అని ప్రమాణమే ఉంది. డీ50 వెలుతురు, అంటే సుమారు 5000 కెల్విన్. అలాంటి దీపం ఒకటి పెట్టుకోండి. పక్క గోడకి పసుపో నీలమో ఉంటే ఆ ఛాయ కూడా ప్రింటు మీద పడుతుంది, చూసే చోట గోడలకి లేత బూడిద వేయించుకోండి. ఏళ్లుగా చెబుతున్నాను, పాటించిన వాళ్లకి సగం తగాదాలు తగ్గాయి.

నీలిగీత:
ఆయనకి ఎల్లుండి పని ఉంది. గోడకి రంగు ఇప్పుడు కాదు.

రోల్‌టురోల్:
"ప్రొఫైల్ కూడా ఒక్కటే" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మూడింటికీ ఒకే ప్రొఫైల్ పెట్టారా? కాలిబ్రేషన్ అంటే సరిగ్గా ఏం చేశారు? కొలిచే పరికరం ఉందా?

గోడబొమ్మ:
అవునండీ. మొదటి మిషన్‌కి చేయించిన ప్రొఫైల్ బాగుంది కదా అని మిగతా రెండింటికీ అదే కాపీ చేశాను. రంగు ఒకేలా రావాలంటే ప్రొఫైల్ ఒకటే ఉండాలి కదా! కాలిబ్రేషన్ అంటే మిషన్ మెనూలో ఉంటుందే, గీతలు ప్రింటు చేసి కలిశాయో లేదో చూసేది, అది. స్పెక్ట్రో ఉంది, బీరువాలో పెట్టాం. అన్నీ వినైలే, అంటే ప్లాస్టిక్ షీటే. మొదటి రెండూ ఎకో సాల్వెంట్, అంటే ద్రావకం ఆవిరై ఆరే ఇంకు, మూడోది యూవీ, అంటే అతినీలలోహిత కాంతితో గట్టిపడే ఇంకు. రెండోదాంట్లో రోల్ మాత్రం వేరే రకం, అదీ తెలుపే.

నీలిగీత:
మొదటి పోస్టులో రాయాల్సింది ఇదే.

రోల్‌టురోల్:
సరే, ఇప్పుడు దారి దొరికింది. మీరు చేసింది ఫీడ్ సర్దుబాటు. మెటీరియల్ ఎంత ముందుకి జరగాలో అది చూస్తుంది, రంగుతో దానికి పని లేదు. ప్రొఫైల్ అంటే ఈ మిషన్, ఈ ఇంకు, ఈ రోల్, ఈ పాస్‌లతో రంగు ఎలా వస్తుందో కొలిచి రాసిన లెక్క. ఒకరి కళ్లద్దాలు ఇంకొకరికి పెడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఒకటిగా ఉండాల్సింది ఇన్‌పుట్ ప్రొఫైల్, అంటే ఫైల్లోని రంగుల్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పేది. ఫోగ్రా 39, గ్రాకోల్ లాంటి ప్రామాణిక ప్రింటింగ్ ప్రొఫైళ్లలో ఏదో ఒకటి మూడింటికీ పెట్టండి, రెండరింగ్ (మిషన్‌కి అందని రంగుల్ని ఎలా సర్దాలన్నది) కూడా మూడింటికీ రెలెటివ్ కలరిమెట్రిక్ పెట్టండి, అది అందే రంగుల్ని ఉన్నవున్నట్టు ఉంచుతుంది. పర్సెప్చువల్ వద్దు, అది ప్రొఫైల్ ప్రొఫైల్‌కీ మారిపోతుంది. మిషన్ని కొలిచి రాసిన అవుట్‌పుట్ ప్రొఫైల్ మాత్రం ఎవరిది వాళ్లకే.

ముందు ఇంక్ లిమిట్, అంటే రోల్ ఎంత ఇంకు పట్టగలదో, చూసుకోండి. తర్వాత ఒక్కో ఇంకునూ 0 నుంచి 100 శాతం దాకా మెట్లుగా ప్రింటు చేసి, స్పెక్ట్రోతో కొలిచి లీనరైజ్ చేయండి, అంటే మెట్లు సమానంగా పెరిగేలా సరిచేయండి. ఆ తర్వాతే ప్రొఫైల్ చార్టు, అంటే కొలవడానికి వేసే రంగుల గళ్లు. ఎకో సాల్వెంట్ చార్టుని మిషన్ మీంచి తీసిన వెంటనే కొలవొద్దు, బాగా ఆరనివ్వండి. పచ్చిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఇంకో రంగు.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. బూడిదని సయాన్, మెజెంటా, పసుపు కలిపి కడితే మూడింట్లో ఏది పిసరంత తేలినా ఛాయ వచ్చేస్తుంది. ప్రొఫైల్ కట్టేటప్పుడు జీసీఆర్ అనే సెట్టింగు పెంచండి. బూడిదలో నలుపు ఎక్కువై మిగతా మూడూ తగ్గుతాయి, ఛాయ తిరగడానికి చోటుండదు. లేత చోట్ల నల్ల చుక్కలు కాస్త కనబడొచ్చు, గోడ మీది బొమ్మని దూరం నుంచేగా చూసేది.

చుక్కలలెక్క:
చిన్న సవరణ. మీరు లీనరైజేషన్ అన్నదే కాలిబ్రేషన్. మిషన్‌ని తెలిసిన స్థితికి తేవడం కాలిబ్రేషన్, ఆ స్థితిలో ఎలా ప్రింటు చేస్తుందో కొలిచి రాయడం ప్రొఫైలింగ్. రెండూ కలగలిపితే కొత్తవాళ్లు ఇదిగో ఇలాగే మోసపోతారు.

రోల్‌టురోల్:
నా రిప్‌లో ఆ మెట్టు పేరు లీనరైజేషనే. కాలిబ్రేషన్ అంటే ఇంక్ లిమిట్, గ్రే బ్యాలెన్స్ (బూడిదకి ఏ ఛాయా రాకుండా చూడటం) కూడా అందులోకే వస్తాయి.

చుక్కలలెక్క:
రిప్‌లో ఏ పేరుంటే అదే శాస్త్రం అయిపోదు. జీ7 అనే కాలిబ్రేషన్ పద్ధతిలో గ్రే బ్యాలెన్స్‌కే పెద్దపీట, అక్కడ లీనరైజ్ చేసి వదిలేస్తే సరిపోదు.

పాతమిషన్:
కొలతలెన్ని తీసినా చివరికి చూసేది కన్నే. దీపం సంగతి మరిచిపోకండి.

నీలిగీత:
ఒక గోడకి ఒకే మిషన్, ఒకే రోల్. యూవీ కలపొద్దు, మెరుపు వేరుగా ఉంటుంది, పక్క నుంచి చూస్తే దొరికిపోతుంది. ప్యానెల్ విడిచి ప్యానెల్ రిప్‌లో 180 డిగ్రీలు తిప్పి వేయండి. అప్పుడు కుడి అంచు పక్కన కుడి అంచే వచ్చి చేరుతుంది, అంచు నుంచి అంచుకి రంగు కాస్త మారినా అతుకు దగ్గర తేడా తెలియదు.

గోడబొమ్మ:
రాత్రి రెండో మిషన్‌కి మొదటి రోలే ఎక్కించి, లీనరైజ్ చేసి, సొంత ప్రొఫైల్ కట్టాను. రెండు ముక్కల అంచులు కలిపి కిటికీ దగ్గరా చూశాను, ట్యూబ్‌లైటు కిందా చూశాను. ఆకుపచ్చ పోయింది, ముఖాలు మామూలుగా ఉన్నాయి. అయినా భయమేసి 12 ప్యానెళ్లూ మొదటిదాంట్లోనే, తిప్పి తిప్పి వేస్తున్నాను, 7 అయ్యాయి. యూవీ మిషన్ని ఇంకా ముట్టుకోలేదు, దాని గులాబీ జీర అలాగే ఉంది. థాంక్సండీ అందరికీ.

చుక్కలలెక్క:
రెండింటి మధ్య డెల్టా ఈ, అంటే రంగు తేడాని కొలిచే అంకె, ఎంత వచ్చింది? దాన్ని లెక్కించే 1976 సూత్రంతో చూశారా, 2000 సూత్రంతోనా?